వరసలో చివరి గుంపు

పోయిన నెలలో ఒకరోజు సారపాక నుంచి ఫోన్ వచ్చింది. మిల్లు కాలనీలో ఉండే నా పాత క్లాస్‌మేట్. "మన లెక్కల మేడం పోయింది రా. పొద్దుగాల ఏడింటికి. మూడు గంటలకు తీస్తరంట" అన్నాడు. నేను ఖమ్మంలో ఆఫీసులో ఉన్నాను. సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి బస్టాండుకు నడిచాను. కొత్తగూడెం వచ్చేదాకా ఏమీ అనిపించలేదు. పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక మాత్రం, ఆమె బతికుండగా నేను చేయాల్సిన పని ఒకటి ఇక ఎప్పటికీ చేయలేనని అర్థమైంది. ఆ తర్వాత కిటికీ బయట ఏం చూశానో గుర్తులేదు.

ఆమె నేలకొండపల్లి దగ్గరి ఒక పల్లెలో పుట్టింది. బొంబాయిలో ఒక విమానాల కంపెనీలో పదిహేనేళ్ళు పనిచేసింది. భర్తకు కాగితం మిల్లులో ఇంజనీరు ఉద్యోగం వచ్చి సారపాకకు మారాక, రోజూ గోదావరి వంతెన దాటి భద్రాచలం వచ్చి మా జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పింది. ఆమె జీవితం గురించి ఇంతకు మించి నాకు తెలియదు. ఆమె మాత్రం నాకు బాగా తెలుసు.

సన్నగా, పొడుగ్గా ఉండేది. గడియారాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. పుస్తకం పట్టుకున్నా, టీ గ్లాసు పట్టుకున్నా టైము ఆమె కళ్ళ ముందే ఉండేది. ఏదైనా కదలకుండా నిలబడి ఉంటే ఊరుకోలేకపోయేది. "ఎందుకాగింది?" అని అడిగేది. రోడ్డు మీద వెదురు లారీ నిలబడినా, రేషన్ షాపు ముందు క్యూ నిలబడినా, బోర్డు మీద మా చేతిలో సుద్దముక్క నిలబడినా అదే ప్రశ్న. అందులో కోపం ఉండేది కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగేది.

మొదటి సంవత్సరంలో ఒకరోజు క్లాసు ఆపి మమ్మల్ని బస్టాండుకు తీసుకెళ్ళింది. ఖమ్మం బస్సు వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ కదిలేదాకా ఏమేం జరిగాయో, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టాయో రాయమంది. జనం దిగడం, ఎక్కడం, పైన సామాను కట్టడం అన్నీ కలిపి పదకొండు నిమిషాలు. బస్సు మాత్రం ముప్పై ఎనిమిది నిమిషాలు నిలబడింది. ఎందుకని వెతికితే, కాగితం మీద సంతకం పెట్టాల్సినాయన టీ తాగడానికి పోయాడు.

"చూసిండ్రా? యాభై మంది కూసున్న బస్సు ఒక్క సంతకం కోసం ఆగింది. బొంబాయిల గూడ గింతే. విమానం ఆగిందంటే ఇంజను చెడిపోయిందనుకుంటరు. చానాసార్లు ఒక కాగితం రాకనో, ఒక నిచ్చెన రాకనో ఆగుతది."

అక్కడ ఆమె ఉద్యోగం ఏమిటో మాకు చాలాకాలం అర్థం కాలేదు. విమానం నడిపేది కాదు, టికెట్లు అమ్మేది కాదు. అడగ్గా అడగ్గా ఒకరోజు చెప్పింది. ఆపరేషన్స్ రీసెర్చ్ అని దానికి పేరట. ఏ విమానం ఏ పొద్దుకు ఏ ఊళ్ళో ఉండాలి, అందులో ఏ పైలట్ ఎక్కాలి, ఎంత ఇంధనం పోయాలి, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి లెక్కలో పెట్టి విడదీయడం.

"ఢిల్లీల పొగమంచు పట్టిందనుకో. పొద్దున అక్కడ రెండు గంటలు ఆగిన విమానమే మధ్యాహ్నం కలకత్తా పోవాలె, సాయంత్రం మద్రాసు పోవాలె. పైలట్లు ఇన్ని గంటలే పనిచెయ్యాలని రూలుంటది. అది దాటితే ఎక్కనియ్యరు. గప్పుడు అన్నింటినీ కొంచెం కొంచెం ఆలస్యం చెయ్యాల్నా, ఒక్కదాన్ని పూరాగ రద్దు చేసి మిగతావి నడపాల్నా? రద్దు చెయ్యాల్సింది ఏదో చెప్పడమే నా నౌకరి."

ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి అడిగింది. "రద్దయిన దాంట్ల పోవాల్సినోళ్ళు ఏం చేస్తరు మేడం?"

"నన్ను తిడ్తరు."

"మీరేమంటరు?"

"ఏమంట? వాళ్ళ తప్పేం లేదు గద. తిట్టించుకోవాలె."

అంత మంచి ఉద్యోగం ఎందుకు వదిలేశారని నేనే అడిగాను. "నా కుర్చీ కంప్యూటర్‌కు ఇచ్చిండ్రు. అది చాయ్ అడగదు గద" అని నవ్వింది.

ఆదివారాలు డౌట్లు అడగడానికి కాలనీలో వాళ్ళ ఇంటికి పోయేవాళ్ళం. అక్కడ సోమమ్మ కనిపించేది. ఆమె కోయ మనిషి. పుట్టిల్లు శబరి ఒడ్డున ఒక చిన్న గుంపు, అంటే నాలుగైదు ఇళ్ళ పల్లె. భర్త పోయాక సారపాక వచ్చి మేడం ఇంట్లో పనికి కుదిరింది. కుదిరింది అనడమే గానీ, వాళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే ఎవరు ఎవరి ఇంట్లో ఉన్నారో తెలిసేది కాదు. మేడం ఏదో అడుగుతూనే ఉండేది. మీ గుంపు నుంచి సంతకు ఎంత దూరం, ఒక మనిషి ఎంత బరువు మోస్తాడు, వానాకాలం దారి మునిగితే ఏం చేస్తారు. సోమమ్మ ఓపిగ్గా చెప్పి, చివర్లో మా వైపు తిరిగి "అమ్మకు అన్నిటికీ టైము గావాలె" అనేది. తల్లి ఇంకా ఆ గుంపులోనే ఉండేది. తమ్ముడు కన్నయ్య శబరికి ఇవతల, గుట్ట మీది ఆశ్రమ పాఠశాలలో వాచ్‌మన్.

నాకు రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చిన రెండో ఏడు గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. గోదావరి ఎగదన్నడంతో శబరి నీళ్ళకు పోయే దారి లేకపోయింది. అవి పల్లెల మీదకు మళ్ళాయి. రోడ్లు తెగాయి. పడవలు పోగలిగిన చోట్లకు పోయాయి. పోలేని చోట్ల జనం ఇళ్ళ కప్పుల మీద, చెట్ల మీద ఉన్నారని వైర్‌లెస్‌లో కబుర్లు వచ్చేవి. ఆ కబుర్లు రిజిస్టర్లో రాయడం నా పని. మేం కంట్రోల్ రూమ్ అని పిలుచుకున్న గదిలో ఒక వైర్‌లెస్ సెట్టు, రెండు ఫోన్లు, గోడకు ఒక మ్యాపు, తడిసిన చెప్పుల వాసన.

మూడో రోజు పొద్దున ఒక హెలికాప్టర్ వచ్చింది. మా కాలేజీ మైదానంలో దిగింది. ఇక అందరూ బయటపడతారని మేం అనుకున్నాం. ఆ రోజంతా అది ఎవరు గట్టిగా ఫోన్ చేస్తే అటు పోయింది. ఒకచోట ముగ్గురిని ఎక్కించుకుని వచ్చింది. ఇంకోచోటికి పోయేసరికి అక్కడివాళ్ళు పడవలో వెళ్ళిపోయారు. ఇంధనం పోసే పంపు చెడిపోయి గంటన్నర నిలబడింది. మా డివిజన్ అధికారి చెడ్డవాడు కాదు. రెండు చెవులకు రెండు ఫోన్లు పెట్టుకుని, ఎవరికీ కాదనలేక నలిగిపోతున్నాడు.

సాయంత్రం నాలుగు గంటలకు మేడం ఆ గదిలోకి వచ్చింది. కాలేజీని వరద బాధితులకు ఇచ్చారు గనక ఆమె పొద్దుట్నుంచీ అక్కడే ఉండి వాళ్ళకు అన్నం పెట్టిస్తోంది. మైదానం వరండాలోంచి కనిపిస్తుంది. చీర మోకాళ్ళ దాకా బురద. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"సర్, పొద్దున ఏడున్నర నుంచి ఇప్పటిదాక మీ హెలికాప్టర్ తొమ్మిదిసార్లు లేచింది" అంది అధికారితో. "గాలిలో ఉన్నది నాలుగు గంటలు. నేల మీద ఉన్నది నాలుగున్నర. తెచ్చింది నలభై ఒక్క మందిని."

"మీరు లెక్చరర్ కదండీ" అన్నాడాయన. "ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి మేడమ్. ఇప్పుడు పాఠాలు వద్దు."

"పాఠం కాదు సర్. ఇట్లనే నడిస్తే రేపు గూడ నలభై మందే వస్తరు. ఇంకా ఎంతమంది ఉన్నరు?"

ఆయన నా వైపు చూశాడు. "మూడు వందల అరవై" అన్నాను.

బల్ల మీద ఫోన్ మోగింది. ఆ రోజు మొదటిసారి ఆయన దాన్ని ఎత్తలేదు. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

ఆమె ముందు పైలట్‌ను పిలిపించమంది. అతను ఉత్తరాది మనిషి. హిందీలో మాట్లాడుకున్నారు. ట్యాంకు నిండా పోస్తే ఆరుగురిని మోయగలదు. సగమే పోస్తే పది మందిని మోస్తుంది, కానీ ఎక్కువ దూరం పోలేదు. ఆమె కాగితం మీద రెండు అంకెలు రాసుకుని మ్యాపు దగ్గరికి వెళ్ళింది. మునిగిన పల్లెల మధ్యలో, నీళ్ళు ఎక్కని గుట్ట మీద ఆశ్రమ పాఠశాల ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"భద్రాచలం దాక ఎందుకు తేవాలె సర్? చావు తప్పేంత దూరం తెస్తే చాలు. ఈ గుట్ట ఎక్కిస్తే పోను రాను పన్నెండు నిమిషాలు. నీళ్ళు తగ్గినంక వాళ్ళే నడిచొస్తరు. అడవి దారిల ట్రాక్టరు పోతది గద? డ్రమ్ములు, పంపు ఇప్పుడే అక్కడికి పంపుండ్రి. దగ్గర్నే పోసుకుంటే సగం ట్యాంకు సరిపోతది, పది మంది ఎక్కుతరు."

అంత తేలికైన విషయం పొద్దుట్నుంచీ మాలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పన్నెండు చోట్లు. ఒక్కోచోట ఎంతమంది, నీళ్ళు ఎంతదాకా వచ్చాయి, హెలికాప్టర్ దిగడానికి చోటుందా, గుట్టకు ఎంత దూరం. నేను రిజిస్టర్ చూసి చెబుతుంటే ఆమె గడులు గీసి నింపింది.

"ఒకటి యాదుంచుకో" అంది పెన్సిల్ ఆపి. "ఏ ఊరి నుంచైనా ఈరోజు కబురు లేకపోతే దాన్ని మునిగినట్టే రాయాలె. తెలువకపోతే ముందుకు జరపాలె, ఎనకకు కాదు. ఈ పన్నెండూ ఈరోజు కబుర్లేనా?"

పదకొండు ఆ రోజువే. పన్నెండోది శబరి పైన ఉన్న చిన్న గుంపు. పదకొండు మంది. "నీళ్ళు ఇళ్ళకు దూరంగా ఉన్నాయి" అన్న కబురు ముందురోజు పొద్దున వచ్చింది. ఆ తర్వాత అక్కడి నుంచి మాట లేదు. నేను దాన్ని అలాగే ఎత్తి రాశాను. నేను నిద్రపోయి అప్పటికి ముప్పై ఆరు గంటలైంది.

"అవ్ మేడం, ఈరోజువే" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. రిజిస్టర్లో మళ్ళీ వెనక్కి తిరగేసి చూసే ఓపిక లేక చెప్పాను. దీనికి ఇంతకన్నా మంచి కారణం ఈ మూడేళ్ళలో నాకు దొరకలేదు.

ఆ గుంపు పేరు దగ్గర ఆమె పెన్సిల్ కాసేపు కదల్లేదు. "సోమమ్మ వాళ్ళది గద" అంది. మ్యాపులో దూరం కొలిచింది. "దీనికొక్కదానికే పోయిరావడానికి యాభై నిమిషాలు. మనుషుల బరువు, ఇంధనం చూస్తే రెండు ట్రిప్పులైనా కావాలె. ఆ టైముల ఇక్కడ ఎనభై మంది గుట్ట ఎక్కుతరు." మళ్ళీ అడిగింది. "నీళ్ళు ఇళ్ళకు దూరమే ఉన్నయ్ గద?"

"దూరమే మేడం."

పన్నెండు అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టింది.

మర్నాడు తెల్లారి ఆరున్నరకు హెలికాప్టర్ లేచింది. నేను చూసిన రోజుల్లో అంత క్రమంగా జరిగిన రోజు ఇంకొకటి లేదు. లేచింది, దిగింది, ఇంతమంది అని వైర్‌లెస్‌లో వినిపిస్తుంటే మేడం ఒక్కో గడిలో గీత గీసేది. పది, ఇరవై, ముప్పై. ఫోన్ చేసిన వాళ్ళందరికీ అధికారి ఒకటే జవాబు చెప్పాడు. "మీ ఊరు వరసలో ఉందండీ."

తొమ్మిది గంటలకు సోమమ్మ వచ్చింది. వాకిట్లో పోలీసు ఆపితే మేడం లోపలికి రమ్మంది.

"అమ్మా, మా గుంపుకు ఎప్పుడు పోతది?"

గదిలో ఉన్న మేమంతా తలలు దించుకున్నాం. మాలో ఎవరైనా "పోతది, ఇప్పుడే పోతది" అనేవాళ్ళం. మేడం అనలేదు.

"చివరికి పోతది సోమమ్మా. మూడు, మూడున్నరకు."

"చివరికా?"

"నీళ్ళు ఇంకా ఇళ్ళ దాక రాలేదని కబురు. మిగతా కాడ కప్పుల మీద ఉన్నరు."

సోమమ్మ ఆ గడుల కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. "మా తమ్మునితోని మాట్లాడాలె" అంది. గుట్ట మీద వైర్‌లెస్ సెట్టు దగ్గర కన్నయ్య ఉన్నాడు. అధికారి తలూపాడు. ఆమె కోయ భాషలో మాట్లాడింది. చిన్న మాటలు, గబగబా. అవతల నుంచి ఒక్క మాట వచ్చింది. అయిపోయింది.

"ఏం చెప్పినవ్?" అని అడిగింది మేడం.

"పడవేసుకొని పొమ్మన్న."

మేడం లేచి నిలబడింది. "ఒద్దు సోమమ్మా. ఎగువ నుంచి నీళ్ళు ఉరికొస్తున్నయ్. నాటు పడవ ఆగదు. ఒద్దని చెప్పు."

"నీ హెలికాప్టర్ మూడింటికి పోతది. నా తమ్ముడు ఇప్పుడు పోతడు."

"నా మాట విను."

"మా అమ్మ ఆడ ఉన్నదమ్మా" అంది సోమమ్మ. గొంతు పెంచలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. మేడం తనే సెట్టు దగ్గరికి పోయి కన్నయ్యను పిలవమంది. అప్పటికే అతను గుట్ట దిగిపోయాడని చెప్పారు.

ఒంటిగంటకు రెండు వందలు దాటాయి. మూడుంబావుకు పదకొండో గడిలో చివరి గీత పడింది. మూడు వందల నలభై తొమ్మిది మంది. అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయి, గోడ దగ్గర కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయారు.

మూడున్నరకు హెలికాప్టర్ పన్నెండో చోటికి లేచింది. పది నిమిషాల్లో పడమటి నుంచి మబ్బు దిగింది. శబరి మలుపు దగ్గర ఏమీ కనిపించక పైలట్ వెనక్కి తిప్పాడు. నాలుగుంబావుకు మళ్ళీ లేచాడు. మళ్ళీ తిరిగొచ్చాడు. మేడం వైర్‌లెస్‌లో అతన్ని హిందీలో ఇంకొక్కసారి అని అడిగింది. అద్దం అవతల తనకు ఏమీ కనబడటం లేదని, తన వెనక ఇంకో ఇద్దరు సిబ్బంది ఉన్నారని అతను చెప్పాడు. ఆమె సరే అంది. మళ్ళీ అడగలేదు. కుర్చీలో కూర్చుని ఆ సున్నా చుట్టిన అంకెనే చూస్తూ ఉండిపోయింది. బయట వాన దంచుతోంది. సోమమ్మ అక్కడ్నుంచి లేవలేదు.

మర్నాడు పొద్దున మబ్బు విడిచాక తెలిసింది. ఆ గుంపులోకి నీళ్ళు వచ్చి అప్పటికే రెండు రోజులైంది. మేం కాగితం మీద వరస వేస్తున్నప్పుడే వాళ్ళు కప్పులు ఎక్కి ఉన్నారు. కన్నయ్య మధ్యాహ్నానికి అక్కడికి చేరి ముగ్గురు పిల్లల్ని, ఒక బాలింతను పడవలో తెచ్చి ఎత్తు మీద దించాడు. తల్లి, పిల్లలే ముందు అని ఎక్కలేదట. రెండోసారి పోతూ పడవ తిరగబడింది. కప్పులు కూలి కొట్టుకుపోయినవాళ్ళలో ఇద్దరు చింతచెట్టు కొమ్మల్లో బతికి దొరికారు. తల్లితో సహా మిగతా ఐదుగురు, కన్నయ్య, దొరకలేదు. కొన్నాళ్ళకు దిగువన శవాలై దొరికారు.

కాలేజీ మైదానంలో సోమమ్మ మేడం ముందు నిలబడి అన్న మాటలు నేను విన్నాను. ఏడవకుండానే అంది.

"నువ్వు చివర అని చెప్పకపోతే నా తమ్ముడు పోయెటోడు గాదు. నువ్వు చెప్పకపోతే ఆ నలుగురు బతికెటోళ్ళు గాదు. దానికి నిన్నేమనాల్నో నాకు ఎరికలేదు. గని అమ్మా, అన్నీ ఎరికైనదానివి. మా గుంపు మునిగింది నీకు ఎరికలేదా? ఎరికుండే పెట్టినవా చివర?"

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

వారం తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చి వైర్‌లెస్ రిజిస్టర్ అడిగింది. నేనే తెచ్చి ఇచ్చాను. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. ఆ గుంపు కబురు, దాని పక్కన ముందురోజు తేదీ. నా చేతిరాత. తలెత్తి నన్ను చూసింది.

"అప్పటికి ఎన్ని గంటలైంది నువ్వు పండుకొని?"

"ముప్పై ఆరు, మేడం."

రిజిస్టర్ మూసింది. "పైలట్‌ను ఎక్కించేముందు ఎంతసేపు నిద్రపోయిండని అడుగుతం. పదిహేనేండ్లు అదే మొదటి ప్రశ్న. నిన్ను అడగలే. రాసేటోనికి గూడ నిద్ర గావాలె అని నాకు తట్టలే."

"నేను చెప్త మేడం. అందరికీ చెప్త."

"నీ ఇష్టం" అంది. అంతే అంది. చెప్పమనలేదు, వద్దనలేదు.

విచారణ జరిగింది. ఆ గుంపును చివర ఎందుకు పెట్టారని అడిగారు. "వరస వేసింది నేను" అని ఆమె రాసిచ్చింది. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. తర్వాత నన్ను పిలిచి రిజిస్టర్ నువ్వే రాశావా అని అడిగారు. అవునన్నాను. ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నారు. లేదన్నాను. అప్పటికి నాకు ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఇంట్లో చెల్లెలి చదువు నా జీతం మీద నడుస్తోంది. ఇవి రాస్తుంటే నాకే చిన్నతనంగా ఉంది, కానీ ఆ గదిలో నాకు గుర్తొచ్చినవి ఇవే. మూడు వందల నలభై తొమ్మిది మందిని కాపాడినందుకు సన్మానం చేస్తామని అధికారి కబురు పెడితే ఆమె రాలేదు.

కాలేజీ మానేసింది. ప్రతి వేసవిలో ఒక నోటు పుస్తకం పట్టుకుని శబరి వెంట గుంపు గుంపుకూ తిరిగింది. ఎన్ని ఇళ్ళు, ఎంతమంది, హెలికాప్టర్ దిగడానికి ఎక్కడ చదునుంది, కబురు చెప్పే మనిషి ఎవరు. రాసి తెచ్చి మా ఆఫీసులో ఇచ్చేది. మేం ముట్టినట్టు ముద్ర వేసి బీరువాలో పెట్టేవాళ్ళం. తర్వాతి ఏడు వరద వచ్చినప్పుడు కొత్త అధికారికి ఆ పుస్తకం ఉందనే తెలియదు. హెలికాప్టర్ మళ్ళీ ఫోన్లు చెప్పినట్టే తిరిగింది. నేను వెళ్ళి చెప్పబోయాను. చాలా పని ఉందన్నాడు. వచ్చేశాను.

సోమమ్మ మేడం ఇంట్లో పని మానేసింది. మిల్లు వెనక గుడిసెలో ఉంటూ కర్ర దించే కూలికి పోయేది. ఆదివారాలు మేడం అక్కడికి నడిచిపోయి గుడిసె ముందు రాయి మీద కూర్చునేది. ఒకసారి ఆ దారిన పోతూ చూశాను. సోమమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. ఈమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా మాట లేదు. గంట తర్వాత నేను తిరిగి వస్తుంటే ఇంకా అలాగే ఉన్నారు. మేడం చేతికి గడియారం లేదు. నాకు ఖమ్మం బదిలీ అయింది. ఆమెకు గుండె జబ్బని ఎవరో చెప్పారు. నేను చూడ్డానికి రాలేదు. వస్తాను, వచ్చి సోమమ్మతో మాట్లాడతాను అని ప్రతి నెలా అనుకున్నాను.

నేను చేరేసరికి గోదావరి ఒడ్డున చితి అంటించారు. జనం పెద్దగా లేరు. మిల్లు వాళ్ళు కొందరు, పాత విద్యార్థులం నలుగురం. దూరంగా జామాయిల్ చెట్ల దగ్గర సోమమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టింది.

"సోమమ్మా, ఆ రోజు మీ గుంపు కబురు తప్పు రాసింది నేను" అన్నాను. "అది ముందురోజుది. మేడం అడిగితే ఈరోజుదే అని చెప్పిన. నేను నిజం చెప్తే మీ గుంపు ముందు వరసల ఉండేది. ఆమెకు మీరు మునిగింది ఎరికలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కొట్టినా బాగుండు అనిపించింది.

"అమ్మకు ఎరికనా, నువ్వని?"

"వారానికే ఎరికైంది."

"మూడేండ్లు నా ఇంటి ముంగట కూసున్నది. ఒక్కనాడు నీ పేరు చెప్పలే."

నేను తల దించుకున్నాను.

"ఎండల నడిచొచ్చేది" అంది సోమమ్మ. "ఒక్కనాడు నేను మంచినీళ్ళియ్యలే."

ఆ మాట నాతో అన్నట్టు లేదు. కొంగు నడుముకు బిగించి చితి వైపు నడిచింది. ఆడవాళ్ళు రావద్దని ఎవరో అన్నారు. ఆమె వినిపించుకోలేదు. నేను చెట్ల దగ్గరే ఉండిపోయాను.